ఉబ్బిన తలుపు

మా ఊరి పేరు వూచ్. మా భాషలో పడవ అని అర్థం.
నదులు మాత్రం కనపడవు,
ఎప్పుడో రోడ్ల కింద కప్పెట్టేశారు.
ఆ పడవలో, పాత నూలుమిల్లు మూడో అంతస్తులో
పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను.

అంతకుముందు మా ఆఫీసు
ఒక పళ్ళ డాక్టరు ఖాళీ చేసిన ఇల్లు.
నాలుగు గదులు. నాలుగు తలుపులు.
అక్టోబరు వానలకి నా గది తలుపు ఉబ్బి బిగుసుకుపోయేది.
భుజం పెట్టి తోస్తే తప్ప రాదు.
అంత కష్టపడి ఎవరొస్తారు,
కొంప మునిగితేనో, కేకు ముక్క మిగిలితేనో తప్ప!
ఆ తలుపు వెనకే ఒక ముళ్ళపందికి మొహం దొరికింది.
పదకొండు రోజులు పట్టింది.
అందులో పది రోజులు
ఎదురింటావిడ దుప్పట్లు దులుపుతుంటే చూస్తూ కూర్చున్నాను.
ఎవరూ లెక్క అడగలేదు.

తర్వాత కంపెనీ ఎదిగింది.
ఎదిగినవాళ్ళకి హాలు కావాలట.
గోడలకు చెవులుంటాయనేవాళ్ళు,
ఇక్కడ గోడలు తీసేసి
చెవులు మాత్రం ఉంచారు.

నలభై ఇద్దరం, ఒకటే కప్పు.
లెక్కలు చూసే హల్ష్కా
కూతురి జ్వరం గురించి ఫోనులో చెబుతుంటే
నా కుందేలుకి ఒళ్ళు కాలుతుంది.
ఎవరో నారింజ ఒలుస్తారు,
నేను గీస్తున్న మంచు అంతా పుల్లబడుతుంది.

అక్షరాలు దిద్దే జెమోవిత్ తల నిండా హెడ్‌ఫోన్లు.
ఏం వింటున్నావని చీటీ మీద రాసి అడిగాను.
వైరు కొస పైకెత్తి చూపించాడు.
దేనికీ తగిలించి లేదు.

ఒక మూల గాజుతో ఆలోచనల గది కట్టారు.
కూర్చుంటే నడుము దాకా దిగిపోయే మెత్తటి సంచులు.
బయటినుంచి అందరికీ కనబడతాం కాబట్టి
గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాం.
చెయ్యి తిమ్మిరెక్కుతుంది.
ఇప్పటిదాకా ఆ గదిలో పుట్టింది అదొక్కటే.

అబద్ధం ఎందుకు, ఒక మేలూ జరిగింది.
ఎడిటర్ బోగుమీవా కాఫీకి పోతూ
నా కుర్చీ వెనక ఆగి,
"ఆ నక్కది ఎడమచేతివాటం కదూ" అంది.
మూడు వారాలుగా కుదరని నక్క
చటుక్కున నిలబడింది.
తలుపుంటే ఆవిడ ఆగేదా?

మా తాతమ్మ ఈ హాల్లోనే మరమగ్గం నడిపింది.
ఆ మోతలో మాట వినపడక
పెదవులు చూసి మాట్లాడుకునేవాళ్ళట.
ముసలితనంలో, నిశ్శబ్దంగా ఉన్న మా వంటింట్లో కూడా
మా నోళ్ళకేసే చూసేది.
దీపం ఆర్పితే
చెప్పడం ఆపేశామనుకునేది.

నాకేం అలవాటైందో ఏప్రిల్ దాకా తెలియలేదు.
బోగుమీవా ప్రూఫులన్నీ నేలమీద పరిచి
చెప్పులు విడిచి వాటి మధ్య నడిచింది.
"ఇళ్ళు బాగున్నాయి. లోపలికెలా వెళ్తారు?"
ముప్ఫై రెండు పేజీలు, పంతొమ్మిది ఇళ్ళు.
కిటికీలున్నాయి, పొగగొట్టాలున్నాయి,
ఒక కప్పు మీద పిల్లి కూడా ఉంది.
తలుపు లేదు.
ఒక్కదానికీ లేదు.

అది నా శైలి అన్నాను.
ఆవిడ నవ్వలేదు.

ఆ కాగితాలు చంకన పెట్టుకుని
నాలుగో అంతస్తుకెళ్ళే మెట్ల మలుపులో కూలబడ్డాను.
అక్కడ వెలుతురు తక్కువ, చలి ఎక్కువ.
మోకాళ్ళే బల్ల.
ఒక్కో ఇంటికీ తలుపు పెడుతూ పోయాను,
గడియలతో సహా.

కాసేపటికి జెమోవిత్ వచ్చాడు.
హెడ్‌ఫోన్లు మెడమీదికి జార్చి
కొంచెం జరగమన్నట్టు చెయ్యి ఊపాడు.
జరిగాను.
అతని పెన్సిలు చప్పుడు అతనిది, నాది నాది.

కింద ఎవరో మళ్ళీ నారింజ ఒలిచినట్టున్నారు,
వాసన మెట్లెక్కి వచ్చింది.
చివర మిగిలింది ముళ్ళపంది ఇల్లు.
దాని తలుపుని
చట్రం కన్నా కాస్త ఉబ్బుగా గీశాను.